వాన కోసం తొలిచిన ఇళ్లు

గుంటుపల్లి బౌద్ధ గుహలను వానాకాలంలోనే చూడాలి. ఈ మాట అంటే మా ఖమ్మం వైపు స్నేహితులు ఒప్పుకోరు. మెట్లు జారుతాయి, ఫొటోలు సరిగ్గా రావు, పిల్లలకు జలుబు చేస్తుంది, సంక్రాంతి సెలవుల్లో పోదాం అంటారు. వాళ్లు చెప్పేవన్నీ నిజాలే. అయినా నా మాట నాదే. ఆ గుహలను తొలిచిందే వాన కోసం. ఎండపూట అవి ఖాళీ రాతిగదులు. ముసురు పట్టిన రోజున గుమ్మం లోపల నిలబడి బయటికి చూస్తే, అది మనుషులు కాపురమున్న ఇల్లని తెలుస్తుంది.

బౌద్ధ భిక్షువు ఒకచోట స్థిరపడకూడదు, ఊరూరా తిరుగుతూ ఉండాలి. వానాకాలానికి మాత్రం మినహాయింపు. ఈ భిక్షువులు వానల్లోనూ తిరుగుతూ పచ్చటి మొలకలను తొక్కేస్తున్నారు, తడినేలలో పుట్టుకొచ్చే పురుగూ పుట్రా వాళ్ల కాళ్ల కింద నలిగిపోతున్నాయి అని జనం తప్పుపట్టారట. అప్పుడు బుద్ధుడు మూడు నెలలు కదలకుండా ఉండమని నియమం పెట్టాడని వినయపిటకం చెబుతుంది. ఆషాఢ పౌర్ణమి మర్నాడు మొదలై ఆశ్వయుజ పౌర్ణమి దాకా సాగేది ఆ వర్షావాసం. దానికి తడవని చోటు కావాలి, నీళ్లు కావాలి, పొద్దున్నే భిక్షకు నడిచివెళ్లి రాగలిగినంత దగ్గర్లో ఊళ్లుండాలి, ఆ ఊళ్ల సందడి మాత్రం పైకి వినబడకూడదు. ఇన్నిటికీ కుదిరే కొండను రెండు వేల ఏళ్లకు ముందే, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం ప్రాంతంలో, ఎవరో వెతికి పట్టుకున్నారు. గుహలను చెక్కిన నేర్పు కన్నా ఈ చోటును ఎంచుకున్న చూపు నాకు ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

ఖమ్మం నుంచి సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేట, అక్కడ రాష్ట్రం దాటి జంగారెడ్డిగూడెం, తర్వాత కామవరపుకోట, జీలకర్రగూడెం. భద్రాచలం వాళ్లూ అశ్వారావుపేట దారే పడతారు. దారిపొడవునా పామాయిల్ తోటలు. వాటి మధ్య అక్కడక్కడా మిగిలిన అడవి ముక్కలు. కొండ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరు జిల్లాలో ఉంది, మనది తెలంగాణ. కానీ భూమి లోపలి లెక్క వేరు. కొత్తగూడెం, సత్తుపల్లి గనుల్లో సింగరేణి బొగ్గు తవ్వే గోదావరి లోయ రాతి పొరలే ఆగ్నేయంగా చింతలపూడి వైపు సాగుతాయి. అందుకే ఇక్కడ నల్లరాయి కాదు, మెత్తని ఇసుకరాయి. ఉలికి సులువుగా లొంగింది, వానకూ అంతే సులువుగా లొంగుతోంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే గుంటుపల్లిలో కనిపించే అందమూ శిథిలమూ రెండూ అర్థమవుతాయి.

మా జిల్లాల్లో బౌద్ధం ఆనవాళ్లు లేవని కాదు. కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లిలో పెద్ద స్తూపం ఉంది. కొత్తగూడెం పక్కన కారుకొండ మీద బండరాళ్లలో తొలిచిన బుద్ధుడి రూపాలున్నాయి. అయితే కొండ చరియలోకి తొలుచుకుని వెళ్లి, అందులో ఒక సంఘం తరాల పాటు బతికిన జాడ చూడాలంటే మాత్రం గుంటుపల్లికే పోవాలి.

మెట్లెక్కి పైకి చేరితే కొండ మూడు వైపులా వంగి నడుమ ఒక ఇరుకు లోయను వదిలినట్టు కనబడుతుంది. ఆ చరియల్లోనే గుహలు. ముందు చూడవలసింది గుండ్రటి చైత్యం. అడ్డంగా సుమారు 18 అడుగులుండే గది, మధ్యలో అదే రాతిలోంచి మలిచిన స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేసేంత సందు. తల పైకెత్తితే, కప్పు నిండా నడిమి నుంచి అంచులకు దిగే వాసాలు, వాటికి అడ్డంగా పట్టీలు. అన్నీ రాయే. ఒక్కటీ బరువు మోయదు, రాతికప్పుకు వాసాలతో పనేముంది? గుమ్మం పైన కమాను కింద వాసాల కొసలు కూడా బయటికి పొడుచుకు వచ్చినట్టు చెక్కారు. చెక్కినవాడికి తెలిసిన ఇల్లు కర్రతో, గడ్డితో కట్టినది. వానలో తల దాచుకోవడమంటే అతనికి చుట్టిల్లే. గోదావరి జిల్లాల్లోనూ, ఉత్తరాంధ్ర తీరంలోనూ మొన్న మొన్నటి దాకా కట్టుకున్న చుట్టిళ్లు చూసినవాళ్లు ఈ కప్పును వెంటనే గుర్తుపడతారు. బీహార్‌లోని బరాబర్ కొండల్లో మౌర్యుల నాటి సుదామ, లోమశ ఋషి గుహలకూ దీనికీ ఉన్న పోలికను పండితులు ఎప్పుడో రాశారు. అక్కడి రాయి గ్రానైటు, గోడలు అద్దంలా మెరుస్తాయి. మన గుహకు ఆ మెరుపు లేదు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. పల్లెలో ఇల్లు కట్టే మేస్త్రి చెయ్యి ఇక్కడ కనబడుతుంది.

నేను వెళ్లినప్పుడు లోపల దీపం వెలుగుతోంది. "చెప్పులు బయటే ఇడిచి రామ్మా, లోపల సామున్నాడు" అంది దీపం పెట్టిన పెద్దావిడ. ఆ స్తూపాన్ని చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. కొందరు చరిత్రకారులకు ఇది బాధ కలిగిస్తుంది. నాకు అలా అనిపించదు. పూజ ఉన్నచోట ఊడ్చేవాళ్లుంటారు. ఎవరూ రాని గదుల్లో గోడల మీద బొగ్గుతో గీసిన ప్రేమికుల పేర్లు చూశాక ఆ పెద్దావిడకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

చైత్యం దాటి ముందుకు వెళ్తే విహారాలు, భిక్షువుల గదులు. ఒకదాని పక్కన ఒకటి, చిన్న గుమ్మాలు, గుమ్మాల మీద కమానులు. చాలా చోట్ల ముందు గోడ రాలిపోయి లోపలి గది నేరుగా లోయలోకి తెరుచుకుని ఉంది. వాన రోజున పైనుంచి నీళ్లు ధారలుగా జారుతుంటాయి, రాతిలోంచి ఊట చెమ్మగా దిగుతుంది. పైన ఇటుకలతో కట్టిన మరో గుండ్రటి చైత్యం పునాదులు, మొక్కులు తీర్చుకోవడానికి కట్టిన పదులకొద్దీ చిన్న స్తూపాలు ఉన్నాయి. శాసనాల్లో ఈ కొండ పేరు మహానాగపర్వతం. పైకి తీసుకెళ్లే మెట్లు కూడా ఎవరో దానంగా కట్టించినవేనని శాసనం చెబుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టినవి విరిగిన మండపం స్తంభాలు. వాటి మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో దానశాసనం ఉంది. 1968లో ఆర్. సుబ్రహ్మణ్యం దాన్ని ప్రకటించినప్పుడు కళింగ రాజు ఖారవేలుడిదన్నారు. తర్వాత డి.సి. సర్కార్ మళ్లీ చదివి, అది మహామేఘవాహన వంశానికే చెందిన సిరి సద అనే రాజు కాలానిదని తేల్చారు. కళింగకూ మహిషకానికీ అధిపతినని చెప్పుకున్న రాజు అతను. మండపం కట్టించినది మాత్రం రాజు కాదు. రాజుగారి దగ్గర లేఖకుడు, చులగోముడు. ఇప్పటి మాటల్లో ఆఫీసులో రాతపని చేసే గుమస్తా. పగలంతా రాజు మాటలు రాసిన మనిషి, తన డబ్బుతో భిక్షువులు కూర్చోవడానికి ఒక కప్పు వేయించి, కింద తన పేరు రాయించుకున్నాడు.

కప్పు పోయింది, పేరు మిగిలింది. సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట బడుల నుంచి పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లే పంతుళ్లకు నా కోరిక ఒకటి ఉంది. గుండ్రటి గుహకు పిల్లలు ఎలాగూ పరుగెత్తుతారు. వాళ్లను ముందు ఈ స్తంభాల దగ్గర కూర్చోబెట్టండి. చులగోముడి పేరులో ఉన్న అక్షరాలను పలక మీద బ్రాహ్మీలో రాసి చూపించండి, రాతి మీద వాటిని వాళ్లనే వెతుక్కోనివ్వండి. వాన వస్తే అందరూ పక్కనున్న విహారంలోకి పోవచ్చు. అందులో చోటు చాలానే ఉంది.