వెనుక సీటు, ముందు సీటు

హౌరాలో ఒక ఇంటి వసారాలో, ప్రభుత్వ వేలంలో కొన్న పాత అంబాసిడర్ కారు సీట్లు విప్పి ఉన్నాయి. యజమాని విశ్రాంత రైల్వే ఉద్యోగి. చినిగిన రెక్సిన్ తొలగించగానే గోనెగుడ్డ, దాని కింద కొబ్బరిపీచు, అడుగున ఇనుప స్ప్రింగులు బయటపడ్డాయి. వెనుక సీటు స్ప్రింగులు బిగువుగానే ఉన్నాయి. డ్రైవరు వైపువి మాత్రం కుంగిపోయాయి. వెనుక కూర్చున్నవారు వచ్చి పోయేవారు. తోలినవాడు పొద్దస్తమానం అక్కడే ఉన్నాడు.

దశాబ్దాలపాటు ఈ దేశంలో అధికారానికి చిహ్నం, తెల్లని తువ్వాలు పరచిన ఆ వెనుక సీటే. ఎన్నికలలో గెలిచినా, పార్టీ ఫిరాయించినా చేరవలసిన చోటు అదే. ఆ కారును తయారుచేసిన చేతులు హౌరాకు ఎగువన, హుగ్లీ ఒడ్డునున్న ఉత్తరపారావి. లైసెన్సుల రక్షణలో మార్పును వాయిదా వేస్తూ వచ్చిన అక్కడి హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 2014 మే నెలలో పని నిలిచిపోయింది. రెండు వేలకు పైగా కార్మికుల బతుకు అనిశ్చితిలో పడింది. 2017లో అంబాసిడర్ అనే పేరు మాత్రం 80 కోట్ల రూపాయలకు ఫ్రెంచి సంస్థ ప్యూజోకు అమ్ముడైంది. పేరుకు ధర పలికింది; పనితనాన్ని అడిగినవారు లేరు.

ఆయన కొత్త పీచు పరచి, గోనెగుడ్డను దబ్బనంతో కుట్టడం మొదలుపెట్టారు. మొదట పూర్తిచేసింది డ్రైవరు సీటునే.