వెనక సీటు నుంచి వోల్వో ఊరు

మన బస్సుల భాషలో వోల్వో అంటే కారు కాదు. సాయంత్రం పూట లక్డీకాపూల్‌లో ట్రావెల్స్ కుర్రాడు "వోల్వోనా సార్, నాన్ ఏసీనా?" అని అడిగితే, ఎదుట నిలబడ్డ బస్సు ఏ కంపెనీదో ఎవరూ చూడరు. అద్దాలు బిగించి, చల్లగా ఉండి, దుప్పటి ఇస్తే అది వోల్వోనే. ఆ కంపెనీ బస్సులు మన దేశానికి వచ్చింది 2001లో. అంతకుముందు లారీ ఛాసిస్ మీద బాడీ కట్టిన బస్సుల్లో రాత్రంతా నడుములు విరగ్గొట్టుకున్నవాళ్లం కాబట్టి ఆ పేరు మన నోట అలా నిలిచిపోయింది. అలాంటి నేను అరవై రెండో ఏట, సెప్టెంబరు చివర్లో, ఆ పేరు పుట్టిన ఊళ్లో దిగాను.

స్వీడన్‌లో రెండో పెద్ద నగరం గోథెన్‌బర్గ్. ఊరివాళ్లు 'యోతెబోరీ' అంటారు. మా మేనల్లుడు ఆరేళ్లుగా అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. లాండ్‌వెట్టర్ విమానాశ్రయం బయట సన్నటి వాన. సామాను వాడి కారు డిక్కీలో పెట్టించి, ముందు సీటు మా ఆవిడకిచ్చి, నేను వెనక ఎక్కాను. పక్కన మూడేళ్ల మనవరాలు. దాని సీటు చూస్తే నవ్వొచ్చింది. వెనక్కి తిప్పి బిగించారు. కారు ముందుకు పోతుంటే పిల్ల వెనకద్దం వైపు చూస్తూ కూర్చుంటుందన్నమాట.

"ఇదేంట్రా, తప్పు చేసిన పిల్లని గోడకేసి కూర్చోబెట్టినట్టు!"

"ఇక్కడ నాలుగేళ్లు వచ్చేదాకా అంతే మావయ్యా. ముందు మీరు బెల్టు పెట్టుకోండి."

"వెనక సీట్లోనా?"

వాడేం మాట్లాడలేదు. స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కారు కదల్లేదు. మనవరాలు నన్ను చూసి, తన ఛాతీ మీది పట్టీని వేలితో తట్టి చూపించింది. మూడేళ్ల పిల్ల చేత చెప్పించుకున్నాక ఇంకేం చేస్తాను, పెట్టుకున్నాను.

దారిలో వాడే చెప్పాడు. ఒంటితో పోలిస్తే పసిపిల్లల తల బరువు, మెడ లేత. కారు దేన్నైనా గుద్దితే ఆ తల విసురుగా ముందుకు పోతుంది. వెనక్కి తిప్పి కూర్చోబెడితే ఆ దెబ్బ ఒక్క మెడ మీద పడకుండా వీపంతా పంచుకుంటుంది. ఈ ఊరి చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్టిల్ ఆల్డ్‌మన్‌కి ఈ ఊహ అమెరికా జెమినీ వ్యోమగాముల వల్ల వచ్చింది. వాళ్లు నింగికి ఎగిరేటప్పుడు ఆ ఒత్తిడిని వీపుతో కాసుకుంటూ వెల్లకిలా పడుకుంటారు కదా! 1964లో ఒక వోల్వో కారులో అలాంటి సీటు పెట్టి పరీక్షించారు. 1972లో కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది.

మర్నాడు ట్రామెక్కి కొర్ష్‌వేగెన్ స్టాపులో దిగాం. లీసెబెరీ ఉయ్యాలల పార్కు పక్కనే 'వరల్డ్ ఆఫ్ వోల్వో' ఉంది. గుండ్రటి భవనం. లోపల కర్ర స్తంభాలు పెద్ద మానుల్లా లేచి పైకప్పులోకి కొమ్మలు చాస్తాయి. 2024 ఏప్రిల్ 14న దీన్ని తెరిచారు. ఆ తేదీ కావాలని పెట్టుకున్నదే. 1927లో సరిగ్గా అదే రోజున ఈ ఊళ్లోనే, నది అవతలి హిసింగెన్ దీవిలో, వాళ్ల మొదటి కారు ఫ్యాక్టరీ గేటు దాటింది.

ఆ కారు పేరు ఓవీ4. ముద్దుపేరు యాకోబ్. దాని ముందు నిలబడితే మా ఆవిడకి వచ్చిన మొదటి సందేహం, "ఈ చలిలో టాపు లేని కారెవడు కొంటాడండీ?" నిజమే. తర్వాత వాళ్లూ అది గ్రహించి, మూసి ఉండే కారు తీశారు. ఇంకో కథ కూడా చెప్పుకుంటారు. తొలిసారి గేరు వేసి బయటికి తీద్దామంటే యాకోబ్ వెనక్కి నడిచిందట. వెనక ఇరుసులో పళ్లచక్రాన్ని తిరగేసి బిగించారట.

దీని వెనక ఇద్దరు మనుషులున్నారు. అస్సార్ గాబ్రియెల్సన్ బేరింగుల కంపెనీ ఎస్‌కేఎఫ్‌లో అమ్మకాలు చూసేవాడు. గుస్తాఫ్ లార్సన్ ఇంజనీరు. 1924 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో ఒక హోటల్లో క్రేఫిష్ తింటూ, స్వీడన్ రోడ్లకీ చలికీ తట్టుకునే కారు మనమే చేద్దామనుకున్నారు. పేరు మాత్రం కొత్తది కాదు. బేరింగుల కోసం ఎస్‌కేఎఫ్ 1915లోనే నమోదు చేసి పక్కన పెట్టింది. లాటిన్‌లో వోల్వో అంటే 'దొర్లుతున్నాను' అని. బేరింగుకి పెట్టిన పేరుతోనే మన హైవేల మీద ఇన్నేళ్లుగా నిద్రపోతున్నామన్నమాట.

మ్యూజియంలో ఒక స్వీడిష్ మాట పదే పదే కనిపించింది. ఒమ్‌తాంకె. పట్టించుకోవడం, శ్రద్ధ అని అర్థం. విడగొడితే 'మళ్లీ ఆలోచించడం' అని కూడా వస్తుందని మేనల్లుడన్నాడు. ఆ రెండో అర్థం నాకు మూడో రోజుకిగానీ తలకెక్కలేదు.

మూడో రోజు మమ్మల్ని తిప్పింది వాళ్ల పక్కింటి పెద్దావిడ. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, డెబ్బై ఆరేళ్లు. ఆమెది 1989 నాటి వోల్వో 240 ఎస్టేట్, ముదురు నీలం. నాలుగు చక్రాల మీద పెట్టిన ఇటుకలా ఉంటుంది. ఈ మోడల్ 1974 నుంచి 1993 దాకా ఆగకుండా వచ్చింది, 28 లక్షలకు పైగా తయారైంది. ఆమె బండి నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. నేను నోరు తెరిస్తే ఆమె నవ్వింది. "ఇది చంటిపిల్ల. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అని ఒక మాస్టారు 1966లో పీ1800 కొన్నాడు. 2013లో అలాస్కాలో 30 లక్షల మైళ్లు దాటించాడు." అంటే 48 లక్షల కిలోమీటర్లు. హైదరాబాదు, విజయవాడల మధ్య ఎన్ని ట్రిప్పులో లెక్కేద్దామని కాసేపు ప్రయత్నించి మానుకున్నాను.

ఈసారి ముందు సీటు నాది. బెల్టు లాగాను. ముప్ఫై ఏళ్లకు పైగా చేతులు పట్టుకుని పట్టుకుని అంచులు నున్నగా మెరుస్తున్నాయి, పట్టీ పాత గొడుగు గుడ్డలా మెత్తబడింది. ఆమె చదువు చెప్పిన అలవాటు పోనివ్వలేదు. "రెండో చెయ్యి వాడకుండా పెట్టుకోండి" అంది. పెట్టుకున్నాను. "అదే దాని తెలివి" అంది.

ఆ తెలివి నిల్స్ బోలిన్‌ది. వోల్వోకి రాకముందు సాబ్ కంపెనీలో యుద్ధ విమానాల పైలట్లు ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరిపడే ఏర్పాటు మీద పనిచేశాడు. 1958లో వోల్వో అతన్ని భద్రత కోసమే తీసుకుంది. అప్పటి బెల్టు పొట్టకి అడ్డంగా కట్టే ఒక్క పట్టీ. దాని బకిల్ పేగుల మీద ఉండేది. గట్టిగా గుద్దుకుంటే ఆ పట్టీయే లోపల గాయం చేసేది. పైలట్ ఎన్ని పట్టీలైనా ఓర్చుకుంటాడు, మామూలు మనిషి ఒక్క నిమిషం ఇబ్బందిని కూడా ఓర్చుకోడు. బోలిన్ ఈ సంగతి పట్టుకున్నాడు. నడుముకొకటి, ఛాతీ మీంచి ఏటవాలుగా ఒకటి, రెండూ తుంటి పక్కన కింద ఒకేచోట కలిసేలా పట్టీ వేశాడు. బకిల్ ఒంటి మీంచి పక్కకి పోయింది. దెబ్బ ఎముకలున్న చోటే పడుతుంది. ఒక్క చేత్తో పెట్టుకోవచ్చు. 1959 ఆగస్టు 13న క్రిస్టియాన్‌స్టాడ్ ఊళ్లో డీలరుకి అందిన పీవీ544తో ఆ బెల్టు రోడ్డెక్కింది. పేటెంటు తమ చేతిలో ఉండగానే, మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. ఇవాళ మన ఆల్టోలో, బొలెరోలో ఉన్నది ఆ బెల్టే.

వదిలేసినంత మాత్రాన జనం పెట్టుకోలేదు. 1967లో బోలిన్ 28 వేల ప్రమాదాల లెక్క ముందు పెట్టాడు. బెల్టు పెట్టుకున్నవాళ్లలో గంటకు 60 మైళ్ల లోపు వేగంలో ఒక్కరూ పోలేదు. పెట్టుకోనివాళ్లు అన్ని వేగాల్లోనూ పోయారు. అయినా స్వీడన్‌లో ముందు సీటు బెల్టు చట్టమయ్యేసరికి 1975 వచ్చింది. చదువుకున్న దేశానికే అంతకాలం పట్టిందంటే నాకు కొంచెం ధైర్యం కలిగింది.

ఎల్వ్స్‌బోరీ వంతెన ఎక్కాం. కింద యోతా నది, ఒడ్డున పాత ఓడల షెడ్లు. అవతల తోర్ష్‌లాండా ఫ్యాక్టరీ. అక్కడే 2000లో తెరిచిన క్రాష్ ల్యాబ్ ఉంది. కార్లని ఢీకొట్టించే రెండు దారులు, ఒకటి 154 మీటర్లు, ఇంకోటి 108. చిన్నదాన్ని మొత్తంగా పక్కకి తిప్పి, ఏ కోణంలో గుద్దాలంటే ఆ కోణంలో పెడతారు. రోడ్డు మీద జరిగినదాన్ని లోపల మళ్లీ జరిపించడానికి ఆ ఏర్పాటంతా. మేం గేటు బయటే ఆగాం. పెద్దావిడ ఇంజను ఆపి తన కథ చెప్పింది.

ఎనభైల్లో ఒక జనవరి పొద్దున, దీనికంటే ముందున్న వోల్వోలో బడికి పోతుంటే మంచు మీద బండి జారి చెట్టుకి తగిలింది. మెడ పట్టేసింది, చెయ్యి విరిగింది. కొన్నాళ్లకి కంపెనీ నుంచి ప్రశ్నల కాగితాలు వచ్చాయి. మీ ఎత్తెంత? సీటు ఎంత వెనక్కి జరిపి ఉంది? తల ఎటు తిరిగి ఉంది? సంచి ఎక్కడ పెట్టారు? "ఎంత స్పీడులో ఉన్నావు, తప్పెవరిది అని తిట్టినట్టు అడుగుతారనుకున్నాను. నా ఎత్తు అడిగారు" అంది.

నేను నిశ్శబ్దమైపోయాను. మన దగ్గర ప్రమాదం జరిగితే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, తప్పెవరిది? పెద్ద బండిదే తప్పు. డ్రైవర్ని నాలుగు తగిలిస్తాం, కేసు రాస్తారు, గంటలో రోడ్డు ఊడ్చేస్తారు. గాజుపెంకులతోపాటు తెలుసుకోవాల్సింది కూడా గుంటలోకి పోతుంది. ఇక్కడ 1970 నుంచి వోల్వోకి ప్రమాదాల పరిశీలన బృందం ఉంది. ఊరి చుట్టుపక్కల తమ కారు ప్రమాదం పాలైతే, పగలైనా రాత్రైనా టేపు పట్టుకుని వెళ్తారు. ఎవరు చేశారన్నది పోలీసుల పని. ఎలా జరిగిందన్నది వీళ్ల పని. అలా 40 వేలకు పైగా కార్ల సమాచారం పోగైంది. 1998లో వచ్చిన, వెనకనుంచి గుద్దితే మనిషితోపాటు వెనక్కి ఒరిగే సీటు, ఆ కాగితాల పుణ్యమే. మెడ గాయాలు ఆడవాళ్లకే ఎక్కువని వాటిలోనే తేలింది. 2019లో ఆ పరిశోధనంతా అందరికీ తెరిచిపెట్టారు. ఒమ్‌తాంకె అంటే మళ్లీ ఆలోచించడమని మేనల్లుడన్నది అప్పుడర్థమైంది.

అలాగని గుడి కట్టాల్సిన పనిలేదు. 1990లో అమెరికాలో ఒక ప్రకటన వచ్చింది. భారీ చక్రాల ట్రక్కు వరసగా కార్ల మీంచి పోతుంటే అన్నీ నుజ్జవుతాయి, వోల్వో ఒక్కటే నిలబడుతుంది. తీరా చూస్తే ఆ వోల్వోకి లోపల ఊతం పెట్టారు, మిగతావాటి స్తంభాలు కోశారు. టెక్సస్ ప్రభుత్వం పట్టుకుంది, కంపెనీ ప్రకటన వెనక్కి తీసుకుంది. కార్ల కంపెనీ 1999లో ఫోర్డ్ చేతికి, 2010లో చైనాకి చెందిన జీలీ చేతికి వెళ్లింది. మన బస్సులు చేసే వోల్వో వేరే సంస్థ, పేరొక్కటే ఉమ్మడి. ఆ పేరున్న బస్సే 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుకి తగిలి తగలబడింది. 45 మంది పోయారు. ఆ సంగతి చెప్తే పెద్దావిడ అడిగింది ఒక్కటే, "తర్వాత ఏం మార్చారు?" తప్పెవరిదని మేం నెలల తరబడి మాట్లాడుకున్నది గుర్తుంది. ఏం మారిందో టక్కున చెప్పలేకపోయాను.

పదిహేను రోజులకి శంషాబాద్‌లో దిగి క్యాబ్ ఎక్కాం. డ్రైవరు బెల్టు భుజం వెనకే వేలాడుతోంది. బీప్ రాకుండా బకిల్లో ఉత్త క్లిప్పు గుచ్చాడు. నేను వెనక సీట్లో బెల్టు లాగాను. పట్టీ వచ్చింది, బకిల్ లేదు.

"ఎంక ఎందుకు సార్, పోలీసోళ్లు సూడరు."

"పోలీసుల కోసం కాదులేవయ్యా, బండి కాస్త పక్కన ఆపు."

ఇద్దరం కలిసి సీటు కవరు పైకెత్తాం. రెండు రూపాయల బిళ్ల, పల్లీ పొట్టు, ఎవరిదో జడ పిన్ను, వాటి కింద దుమ్ము కొట్టుకుని బకిల్. మొదటిసారి పడలేదు, రెండోసారి పడలేదు. అతను ఉఫ్‌మని ఊది, తుడిచి, తనే నొక్కాడు. టక్‌మంది.

"మూడేండ్ల సంది నడుపుతున్న" అన్నాడు దానివైపే చూస్తూ. "గిది పనిజేస్తదని నాకే ఎర్క లేదు సార్."