ఎడమకాలు అక్కర్లేని కారు

మా రామసముద్రం వైపు 'ఆయిలు మార్చారా?' అంటే ఇంజినాయిలు గురించే. టమోటా బాక్సులతో మదనపల్లె మార్కెట్టుకు పరుగెత్తే పికప్ వ్యానుకైనా, దుక్కి దున్నే ట్రాక్టరుకైనా అది వేళకు మారుస్తారు. గేరాయిలు సంగతి కాస్త వెనకబడుతుంది. ఇక ఆటోమేటిక్ గేరుబాక్సులో నూనె అంటారా... ఆ మాటే చాలామందికి కొత్త. మా నాయనకు మాత్రం ఆ గేరుబాక్సే రెండో కాలు!

చాలా ఏళ్ల కిందట మోటార్‌సైకిల్ మీంచి పడ్డాక ఆయన ఎడమ మోకాలు సరిగా వంగదు. క్లచ్ తొక్కలేరు. అందుకే బెంగళూరులో వెతికి వెతికి ఓ సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కారు తెచ్చుకున్నారు. రెండే పెడళ్లు. రెండింటికీ కుడికాలు చాలు. చూసినవాళ్లు 'షోకు బండి' అన్నారు. ఆయనకది షోకు కాదు. పుంగనూరులో బ్యాంకు పనైనా, అమ్మను మదనపల్లెలో డాక్టరుకు చూపించడమైనా, ఎవరినీ బతిమాలకుండా వెళ్లి రాగలగడం.

ఆ కారుకిప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. పోయినేడాది 'డి'లో వేశాక కదలడానికి ఒకట్రెండు క్షణాలు తటపటాయించడం మొదలుపెట్టింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన నూనె కాఫీ డికాక్షన్‌లా ఉంది.

ఇక సలహాలు మొదలు! "కదిలించొద్దు సామీ. కొత్తది పోస్తే గేర్లు జారిపోతాయి. ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు నడవనీ" అన్నాడు ఒక మెకానిక్. మిషన్ పెట్టి ఒకే దెబ్బకు కడిగేద్దాం అన్నాడు ఇంకొకాయన. గేరుబాక్సు పోతే బాగుచేయించడానికయ్యే ఖర్చు కారు ధరను మించుతుంది. నాయన మాట్లాడలేదు. తాళంచెవి జేబులో వేసుకుని వారం రోజులు ఇల్లు కదల్లేదు.

నిజానికి మొదటివాడి భయం వట్టిది కాదు. లోపలి క్లచ్ ప్లేట్లు అప్పటికే మాడిపోయి ఉంటే కొత్త నూనె వాటిని బతికించలేదు. ఆఖరి ఘడియలో వచ్చిన వైద్యుడి మీద నింద పడ్డట్టు, నేరం కొత్త నూనె మీదికి వస్తుంది. ఇక ఒత్తిడితో కడిగితే ఏళ్లుగా పేరుకున్న మడ్డి కదిలి సన్నటి దారుల్లో అడ్డం పడొచ్చు.

చివరికి మదనపల్లెలో ఒకాయన దొరికాడు. కువైట్‌లో చాలాకాలం మెకానిక్‌గా చేసి వచ్చినవాడు. అక్కడ ఎటు చూసినా ఆటోమేటిక్ కార్లే కదా! డిప్‌స్టిక్‌ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మాడు వాసన లేదు పెద్దాయనా. ఒకేసారి వద్దు, మూడు విడతల్లో మారుద్దాం" అన్నాడు.

ఇందులో చిన్న లెక్క ఉంది. అడుగున ప్లగ్ విప్పితే నూనె మొత్తం దిగదు. సగమో, అంతకన్నా తక్కువో దిగుతుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. మా కారులో ఇంచుమించు సగం దిగింది. అంటే మొదటి విడతకు సగం కొత్తది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక రెండోసారి మారిస్తే ముప్పావు వంతు. మూడోసారికి ఎనిమిదింట ఏడు వంతులు. దిగినదాన్ని కొలిచి, సరిగ్గా అంతే పోశాడు. ఎక్కువైతే నురగ కడుతుంది, తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. "ఇది మామూలు అరుగుదలే. ఇనుప పెళ్లలుంటేనే భయపడాల" అన్నాడు.

ఈ నూనెది చిత్రమైన ఉద్యోగం. ఇంజిను శక్తిని గేరుబాక్సుకు అందించాలి, ఒత్తిడితో క్లచ్‌లను బిగించాలి, వేడిని బయటికి మోయాలి. జారాలి, పట్టూ ఇవ్వాలి! 1939లో జనరల్ మోటార్స్ 'హైడ్రామాటిక్' గేరుబాక్సును తెచ్చింది. ఆ తర్వాత చాలాకాలం అమెరికాలో ఈ జారుడూ పట్టూ కుదిరేందుకు స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అక్కడ దాన్ని నిషేధించాక రసాయనాలతో కొత్త మిశ్రమాలు చేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఎర్రగా ఉన్నదల్లా ఒకటే అనుకోకూడదు. కారు పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే పోయాలి. నూనె మట్టం చూసే పద్ధతి కూడా బండిని బట్టి మారుతుంది. కొన్నింటికి ఇంజిను నడుస్తుండగా, కొన్నింటికి ఆపాక చూడాలి. 2014 నుంచి మన దగ్గర చిన్న కార్లలో వస్తున్న ఏఎంటీలు వేరు. వాటిలో ఉండేది మామూలు గేరుబాక్సే, క్లచ్ తొక్కే పని మాత్రం యంత్రానిది. సీవీటీల నూనె ఇంకోటి.

మూడో విడత మొన్న సంక్రాంతికి ముందు అయింది. చలి ఉదయాల్లో ఇప్పటికీ ఓ క్షణం తటపటాయిస్తుంది, ఇరవై ఏళ్ల అరుగుదల కదా! బండి వేడెక్కాక మాత్రం వెన్నలా సాగిపోతోంది. కొన్ని కంపెనీలు ఈ నూనె 'జీవితకాలం' ఉంటుందంటాయని చెబితే నాయన నవ్వారు. "ఎవరి జీవితకాలం రా... దాందా, నాదా?" అన్నారు.

మార్చిన తేదీ, కిలోమీటర్లు డైరీలో రాసుకున్నారు. కింద ఇంకో గీత గీసి, మళ్లీ మార్చాల్సిన కిలోమీటర్లూ రాశారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి ఇంకో నలభై వేల కిలోమీటర్ల ముందుకు లెక్క వేసుకోవడం చూసి అమ్మ ఏమీ అనలేదు. డాక్టరు చీటీ మాత్రం తీసి కారులో పెట్టింది.