నాపరాళ్ల సీమలో క్రోమ్ చక్రాలు

ఎర్రగుంట్లలో వేపచెట్టుకు కూడా ఆకుపచ్చ రంగు తక్కువే. నాపరాయి కోసే రంపాల కింది నీళ్లు, పాలిష్ ఫ్యాక్టరీల బురద, సిమెంటు లారీలు లేపే దుమ్ము కలిసి అన్నిటికీ ఒకటే బూడిద పూత వేస్తాయి. ఆ దుమ్ములో తిరిగే బొలెరో పికప్పులకు మాత్రం అద్దాల్లాంటి చక్రాలు కావాలి. ముందు అద్దం మీద దేవుడి పేరు, బంపరుకు నిమ్మకాయలు, కింద నాలుగు మెరుపులు. ఈ ముచ్చట సంగతేమిటో చూద్దామని ప్రొద్దుటూరు రోడ్డులో టైర్లు, డిస్కులు బిగించే ఒక రేకుల షెడ్డుకు వెళ్లాను.

కడప బండలుగా ఇళ్లలో పరుచుకునే రాయి ఈ చుట్టుపక్కలదే. అటు కొలిమిగుండ్ల, బేతంచెర్ల దాకా సున్నపురాయే. పికప్పుల్లో బండల్ని అంచు మీద నిలబెట్టి పేరుస్తారు. అంగుళం మందం ఉన్న బండ చదరపు అడుగుకు ఆరు కిలోల పైమాటే తూగుతుంది. అంటే 1,700 కిలోలు మోయడానికి తయారైన పికప్‌లో 270 చదరపు అడుగులు పడితే లెక్క సరి. చూపుకు బండి సగం కూడా నిండదు. అందుకే ఇంకో వరస, ఇంకో వరస అని పేరుస్తూ పోతారు.

అందుకేనేమో, మెరిసే చక్రాలు కావాలని వచ్చిన కుర్రాణ్ని షెడ్డు యజమాని ధర చెప్పకుండా ముందు ఈ మాట అడిగాడు: "బండి ఏం మోస్తాదో చెప్పబ్బీ, మెరుపు సంగతి తర్వాత చూద్దాం."

గోడకు వేలాడుతున్నవాటిలో ఎక్కువ చక్రానికి తొడిగే ప్లాస్టిక్ కప్పులే. చౌక. కానీ కడప నుంచి రాయచోటి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో లోడుతో బ్రేకు తొక్కుతూ దిగితే చక్రం వేడెక్కుతుంది. ఆ వేడికి కప్పు మెత్తబడి వంకర పోతుంది, పట్టు వదిలి ఊడి దొర్లుతుంది. స్టీలు రేకు కప్పులు నయం. అల్లాయ్ చక్రాలు కార్లకు బాగుంటాయి. బండల బండి గుంతలో పడితే మామూలు ఇనుప డిస్కు వంగుతుంది, పోత అల్లాయ్ పగులుతుంది. వంగింది కంటికి కనబడుతుంది, పగులు మొదట్లో కనబడదు. నన్నడిగితే ఈ ఒక్క తేడా చాలు, లోడు బండికి అల్లాయ్ వద్దనడానికి. అసలుదానికంటే వెడల్పు డిస్కు వేసి చక్రాన్ని బయటికి తెచ్చే ఫ్యాషన్ ఇంకో తలనొప్పి. బరువు బేరింగును పక్కకు లాగుతుంది.

నిజమైన క్రోమ్ డిస్కులు ఓ మూల నాలుగే ఉన్నాయి. ప్లేటింగ్ ఇక్కడ చేయరు, సరుకు బయటి నుంచి వస్తుంది. చేయకపోవడమే మేలు. ప్లేటింగ్ తొట్టెల్లో వాడే హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. ఆ నీళ్లు శుద్ధి కాకుండా భూమిలోకి దిగితే బోర్లే దిక్కైన ఈ సీమలో తాగే నీళ్లే పోతాయి.

మనకు మెరుస్తూ కనబడే క్రోమ్ పొర చాలా పలచన, సాధారణంగా అర మైక్రాన్ కూడా ఉండదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తుప్పును నిజంగా ఆపేది దాని కింద ఎన్నో రెట్లు మందంగా వేసే నికెల్. క్రోమ్‌లో కంటికి కనబడని బీటలుంటాయి. నికెల్ పలచగా వేసిన చౌకరకం సరుకులో ఆ బీటల గుండా తేమ ఇనుము దాకా దిగి, తుప్పు లోపలి నుంచి పొక్కులుగా పైకి తేలుతుంది. వానలు తక్కువ గదా, మన దగ్గర తుప్పెందుకు పడుతుందని అనుకుంటారు. ఎండిన రాతి బురద అడుగున తేమను పట్టి ఉంచుతుంది.

కానీ షెడ్డులో చూసిన పాడైన చక్రాల్లో ఎక్కువ వాటికి తుప్పు కంటే ముందు కడగడమే చేటు చేసింది. గట్టిపడిన సున్నపురాతి బురద మీద బాత్రూం యాసిడ్ పోస్తే బుసబుస పొంగి క్షణంలో పోతుంది. రాతి పనివాళ్లందరికీ తెలిసిన చిట్కా ఇది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పాత క్రోమ్ పూతను ఊడదీయడానికి ప్లేటింగ్ వాళ్లు వాడేదీ అదే! ఇక రుద్దడం. సున్నపురాయికి క్రోమ్‌ను గీసేంత గట్టిదనం లేదు. పాలిష్ సానరాళ్ల నుంచి రాలే కార్బొరండం రేణువులకు మాత్రం ఉంది. పొడిగుడ్డతో రుద్దితే ఆ రేణువులే గీస్తాయి.

యజమాని చెప్పే పద్ధతిలో ఖర్చు లేదు, ఓపిక కావాలి. చక్రం చల్లారాక నీళ్లు ధారగా పోసి బురదను నానబెట్టాలి. షాంపూ నీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడవాలి. బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి కాబట్టి ఆరనివ్వకుండా వెంటనే పొడిగుడ్డతో అద్దాలి, లేదంటే తెల్ల మచ్చలు నిలుస్తాయి. ఆ తర్వాత కాస్త మైనం. డిస్కు లోపలివైపు బురదనూ వదలకూడదు. ఒకపక్క అట్టకట్టిందంటే స్టీరింగు వణుకుతుంది.

"అందరూ ముందరే తుడుస్తారన్నా, ఎనకాల ఎవరూ చూడరు" అన్నాడు.

కొత్త డిస్కు బిగించాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ బిగించుకోవాలి. నట్టు కూర్చునే చోట పూత మందంగా ఉంటే అది అణిగి పట్టు సడలుతుంది. పైన కప్పు ఉంటే ఆ సడలడం కనబడదు. నట్టు చుట్టూ తుప్పు గీతలు, రంధ్రం దగ్గర పగుళ్లు కూడా అంతే.

నా మటుకు, బండలు మోసే పికప్‌కు కంపెనీ ఇనుప డిస్కు, దానికి మంచి రంగు చాలు. పెండ్లిళ్లకు, పండక్కి మెరవాలనుకుంటే తీసిపెట్టే వీలున్న స్టీలు కప్పులు తగిలించుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ పికప్ కొనబోయేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే నాలుగు కప్పులూ ఊడదీయించి చూడండి.