పాస్‌వర్డు ఎవరి చేతిలో

మా పల్లెలో తాళం వేసే ఇల్లు ఉండేది కాదు. వేయడానికి లోపల ఏముందని? ఒక్క గది, ముందు తాటాకు పంచ, మూలన రేకుపెట్టె. ఆ పెట్టెలో రేషన్ కార్డు, మా అమ్మ పెళ్లిచీర, నా పదో తరగతి మార్కుల కాగితం. తాళాలన్నీ ఊళ్లోనే ఉండేవి. ధాన్యం కొట్టుకి తాళం, మోటారు షెడ్డుకి తాళం, రామాలయానికి తాళం. అందుకే తాళం అంటే మాకు ఒకటే అర్థం. ఇది నీది కాదు, చెయ్యి పెట్టకు.

కంప్యూటరుకి కూడా తాళం ఉంటుందని నాకు తెలిసింది విజయవాడ గవర్నరుపేటలో, డిగ్రీ చదివేటప్పుడు సాయంత్రాలు వెళ్లిన ఒక కోచింగ్ సెంటర్లో. ఇరవైమందికి నాలుగు పాత సిస్టమ్‌లు. ఆన్ చేస్తే పేరూ పాస్‌వర్డూ అడిగే చిన్న గడి వచ్చింది. నేను భయపడి చేతులు వెనక్కి తీసుకున్నాను. పక్కనున్న కుర్రాడు క్యాన్సిల్ నొక్కాడు. అంతే, లోపలికి వెళ్లిపోయాం. విండోస్ 98 పాస్‌వర్డు అలాంటిది. ఎవరి ఏర్పాట్లు వాళ్లకి చూపించడానికే గాని మనిషిని ఆపడానికి పనికొచ్చేది కాదు. ఉద్యోగంలో చేరాక చూసిన పాస్‌వర్డు అలా క్యాన్సిల్ నొక్కితే పోయేది కాదు.

2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు పెట్టించింది. ఒక సీపీయూ నుంచి వైర్లు లాగి కొన్ని మానిటర్లు తగిలించే పద్ధతి. ఒకే యంత్రం, దాని మీద ఒకేసారి చాలామంది పిల్లలు. అంటే పంచుకోడానికే తెచ్చిన యంత్రం. నేను 2012లో దివిసీమ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరేనాటికి మా బళ్లో ఆ గదికి తుప్పుపట్టిన కప్ప వేలాడుతోంది. ఉప్పుగాలి కొంత, ఎలకలు కొంత తినేశాయి. పనిచేసేది ఆఫీసు గదిలో ఒక్కటే సిస్టమ్. విండోస్ ఎక్స్‌పీ. దాని పాస్‌వర్డు ఒక్క సీనియర్ మేష్టారికే తెలుసు. ఊళ్లో పదెకరాల మాగాణి ఉన్న ఇంటి మనిషి. పేరు అక్కర్లేదు.

చేరిన నెలకే అడిగాను. "ఎందుకమ్మా నీకా తలనొప్పి? పనుంటే చెప్పు, నేను చేసిపెడతాగా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నా తర్వాత చేరిన లెక్కల మేష్టారికి మాత్రం అడక్కుండానే చీటీ మీద రాసిచ్చారు. సాయంత్రం బడి వదిలాక ఆయన కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, వచ్చి కూచుని కార్ల ఆట ఆడుకునేవాడు. ఆ ఆట మా బడి సిస్టమ్‌లోకి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. నాకు పరీక్ష పేపరు టైపు చేసుకోడానికి వర్డ్ తెరవాలన్నా ఆయన వచ్చి, నన్ను పక్కకి జరగమని, తన వీపు అడ్డం పెట్టి నొక్కేవారు.

ఆ "చేసిపెడతాగా" అన్నమాట నాకు కొత్త కాదు. మా అమ్మమ్మ ఊరిబావి దగ్గర దోసిలి పట్టుకుని నిలబడేది. పోసేవాళ్లు పోసేవాళ్లే, ఎత్తు నుంచి. కొందరు బిందె నిండేదాకా ఓపిగ్గా పోసేవాళ్లట. చేద మాత్రం ముట్టనిచ్చేవాళ్లు కాదు. పోసేవాళ్లకి తీరిక లేకపోతే మా అమ్మమ్మ బిందె ఖాళీ. మహద్‌లో చౌదార్ చెరువు కూడా కాగితం మీద అందరిదే. 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది, 1924లో మహద్ మునిసిపాలిటీ ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి తాగేదాకా మనవాళ్ల చెయ్యి ఆ నీళ్లలో పడలేదు. మా పక్కనే కారంచేడులో 1985లో ఆరుగురు మాదిగల్ని చంపిన గొడవ మొదలైంది కూడా మంచినీళ్ల దగ్గరే. సర్కారు డబ్బుతో వచ్చిన కంప్యూటరు ముందు పక్కకి జరిగి నిలబడినప్పుడల్లా ఇవన్నీ నాకు గుర్తొచ్చేవి. మీరు ఇది అతి అంటారేమో. స్కాలర్‌షిప్పుల సంగతి విన్నాక అనండి.

2012 జూలై నుంచి తొమ్మిది, పది చదివే ఎస్సీ పిల్లలకి కేంద్రం స్కాలర్‌షిప్పు మొదలైంది. ఇంటి నుంచి వచ్చే పిల్లకి నెలకి 150 చొప్పున పది నెలలు, పుస్తకాలకి 750. మొత్తం 2,250 రూపాయలు. దరఖాస్తు ఈ-పాస్ వెబ్‌సైట్లో పెట్టాలి, బడి లాగిన్‌లోంచి. ఆ లాగిన్ కూడా ఆ ఒక్క మేష్టారి దగ్గరే. గడువు దగ్గర పడిన రోజుల్లో ఆయన సెలవు మీద సెలవు. కోతల రోజులు మరి, మాగాణి చూసుకోవాలి. పల్లె నుంచి ఒకామె కూతురి కులం కాగితం, ఆదాయం కాగితం చెంగున కట్టుకుని మూడుసార్లు వచ్చింది. మూడు రోజుల కూలి పోయింది. మూడోసారి ఆఫీసు గుమ్మంలో కూలబడి, "అమ్మా, మీరు మనోళ్లేగా, మీరైనా నొక్కలేరా?" అంది.

నొక్కడం నాకొచ్చు. గవర్నరుపేట చదువు ఉండనే ఉంది. ఎక్స్‌పీని సేఫ్ మోడ్‌లో తెరిస్తే అడ్మినిస్ట్రేటర్ అనే పేరు కనపడుతుందనీ, చాలా సిస్టమ్‌లలో దానికి పాస్‌వర్డే పెట్టరనీ తెలుసు. ఆ దారిన పోదలుచుకోలేదు. దొడ్డిదారిన వెళితే అది నా హక్కు అని ఎవరు ఒప్పుకుంటారు? పైగా దొరికితే దొంగ ఎవరవుతారో చెప్పక్కర్లేదు. స్టాఫ్ మీటింగులో లేచి ఒకటే అడిగాను. "పదకొండుమంది పిల్లల స్కాలర్‌షిప్పు ఆగింది, పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే ఉంది. ఈ మాట మినిట్స్ బుక్కులో రాయండి సార్." హెడ్మాస్టరు గారు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు. ఆ మాట కాగితం మీద ఉండటం ఎవరికీ ఇష్టం లేదు. "ఎంత మాటమ్మా, ఇంట్లో విషయం" అన్నారు ఒకరు. ఎవరింట్లో విషయమో నాకర్థం కాలేదు. ఆ సాయంత్రానికి పాస్‌వర్డు నా చేతికొచ్చింది. పదకొండు దరఖాస్తులూ గడువులోపే వెళ్లాయి.

ఈ సంగతి విని మా సంఘం మిత్రుడొకడు "పాస్‌వర్డే మనువాదం, అన్నీ తెరిచి పారెయ్యాలి" అన్నాడు. నేనొప్పుకోలేదు. కాలువ షట్టరు తాళంచెవి లస్కరు దగ్గర ఉండాల్సిందే. అందరూ తిప్పితే పైవాడి చేను మునిగి, చివరి చేను ఎండుతుంది. మన అడుగూ బొడుగూ భూములన్నీ ఆ చివరే ఉన్నాయి. అడగాల్సింది వంతు సంగతి. అసలు కంప్యూటరుకి పాస్‌వర్డు పుట్టింది కూడా పంచుకోవడంలోంచే. 1960ల మొదట్లో అమెరికాలో ఎమ్.ఐ.టి. అనే విద్యాసంస్థలో ఒకే పెద్ద యంత్రాన్ని చాలామంది వాడుకునే ఏర్పాటు చేశారు. ఎవరి కాగితాలు వాళ్లకే ఉండాలని కోర్బాటో అనే ఆయన మనిషికో పాస్‌వర్డు పెట్టించాడు. 1962లో అలన్ షెర్ అనే విద్యార్థి తనకిచ్చిన గంటలు చాలక, పాస్‌వర్డుల జాబితా మొత్తం అచ్చు తీయించి ఇతరుల గంటలు వాడుకున్నాడు. దాన్ని ఇప్పుడు సరదా కథలా చెప్పుకుంటారు. మా పల్లె కుర్రాడు ఆ పని చేసుంటే కథ ఇంకోలా ఉండేది.

నేను చేసిన ఏర్పాటు పెద్దదేం కాదు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు రాసి, కవర్లో పెట్టి, ముగ్గురం సంతకాలు చేసి హెడ్మాస్టరు బీరువాలో పెట్టాం. మార్కులు, స్కాలర్‌షిప్పుల ఫైళ్లకి వేరే అకౌంటు. పిల్లలకి ఇంకో అకౌంటు, అది లిమిటెడ్. దాంట్లో రాసుకోవచ్చు, బొమ్మలేసుకోవచ్చు. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడం, ఉన్నది చెరపడం కుదరదు. కార్ల ఆట తీసేశాను. దాని మీద కొన్నాళ్లు నాతో మాటల్లేవు.

పిల్లల అకౌంటు తెరిచిన రెండో నెలలో ఇంకో సంగతి తెలిసింది. పదో తరగతి పిల్ల ఒకతె, మా పల్లె పిల్లే, భోజనాల గంటలో కూచుని ఏదో టైపు చేసుకునేది. తెలుగు కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. అందరిదీ ఒకే అకౌంటు కదా, కుర్రాళ్లు ఆ ఫైలు తెరిచి, వరండాలో నిలబడి రాగాలు తీస్తూ చదివారు. వాళ్ల నాన్న తాగుడు గురించి ఉందట. ఆ పిల్ల రెండు రోజులు బడికి రాలేదు. వచ్చాక నా దగ్గరకొచ్చి, "టీచర్, నాకొక్కదానికే తాళం పెట్టొచ్చా?" అంది.

పెట్టాను. ఎక్స్‌పీలో అకౌంటుకి పాస్‌వర్డు పెట్టగానే, మీ ఫైళ్లు ఇతరులకి కనపడకుండా చెయ్యమంటారా అని అడుగుతుంది. ఆ పిల్లనే నొక్కమన్నాను. "మీక్కూడా కనపడదా?" అని అడిగింది. అబద్ధం చెప్పలేను. "అడ్మినిస్ట్రేటర్‌గా కూచున్నవాళ్లు తలుచుకుంటే తెరవగలరమ్మా. ఆ సీట్లో ఎవరు కూచున్నారన్నదే చూసుకోవాలి" అన్నాను. కాసేపు ఆలోచించి, "మీరు కూచుంటారుగా" అంది. అదొక్కటే అప్పుడు నాకు కొంచెం బరువుగా అనిపించింది. రేపు నేను బదిలీ అయితే?

ఈ మధ్య మాట ఒకటి. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చినప్పుడు పాఠాలు తప్ప ఇంకేం తెరుచుకోకుండా తాళం వేసే ఇచ్చింది. కొందరు పిల్లలు సెల్‌ఫోన్ షాపుల్లో ఆ తాళం తీయించుకున్నారని పేపర్లు రాశాయి, టీచర్లు మొత్తుకున్నారు. ఆ తాళం మీద నాకు పేచీ లేదు. అది ఊరి పిల్లకీ పల్లె పిల్లకీ ఒకటే తాళం.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో మద్దతు ఆపేసింది. మా సిస్టమ్ తర్వాత ఇంకొన్నాళ్లు మూలుగుతూ నడిచింది. తీసేసేముందు ఆ పిల్లకి కబురు పెట్టాను. అప్పటికి అవనిగడ్డలో ఇంటర్ చదువుతోంది. వచ్చి, పాస్‌వర్డు తనే కొట్టి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. పదిహేడు ఫైళ్లున్నాయని తనే చెప్పింది.