చుక్కలు కొట్టకండి!

రిటైరైనవాళ్లందరూ ఈమధ్య పుస్తకాలు వేస్తున్నారు, గమనించారా? బాబాయి ఆత్మకథ, పిన్నిగారి కాశీయాత్ర, పక్కింటి మాస్టారి కథల సంపుటి. వేయాల్సిందే, కాదనను. నా బాధల్లా వాళ్లు వర్డ్‌లో టైపు చేసే తీరు గురించే. కథ పేరు కొట్టి, సైజు 20 చేసి, బోల్డు నొక్కి, మధ్యకు జరిపి, హెడ్డింగ్ అయిపోయిందనుకుంటారు. మన కంటికి అది హెడ్డింగే. వర్డ్‌కి మాత్రం కాస్త లావుపాటి మామూలు పేరా, అంతే.

ఇక విషయసూచిక చూడాలి! కథ పేరు, పక్కన పేజీ అంచుదాకా చుక్కే చుక్క, చివర అంకె. ఎంత ఓపికండీ! తీరా ప్రెస్సాయన వచ్చి, ‘ఏ4 ఎందుకు సార్, 1/8 డెమ్మీలో వేద్దాం’ అంటాడు. కాగితం చిన్నదవగానే 41వ పేజీలో ఉన్న కథ ఎక్కడో 70 దాటి తేలుతుంది. సూచికలో మాత్రం 41 కదలదు.

చుక్కలు కొట్టడం మన పని కాదు. కథ పేరు మీద కర్సర్ పెట్టి, పైన స్టైల్స్ వరుసలో ‘హెడ్డింగ్ 1’ నొక్కండి. లోపలి ఉపశీర్షికలకి ‘హెడ్డింగ్ 2’. అన్నీ అయ్యాక ‘రిఫరెన్సెస్’లోకి వెళ్లి ‘టేబుల్ ఆఫ్ కంటెంట్స్’ అంటే పేర్లు, చుక్కలు, అంకెలు అదే వేసుకుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. ‘వ్యూ’లో ‘నావిగేషన్ పేన్’ తెరిస్తే కథల పేర్లన్నీ ఎడమపక్క కనిపిస్తాయి. ఏడో కథ మొదట్లో ఉంటే బాగుండుననిపిస్తే పేరు పట్టుకుని పైకి లాగండి. కథ మొత్తం వెంట వచ్చేస్తుంది. మన రచయితలు ఎన్నిసార్లు మనసు మార్చుకుంటారో తెలిసిందేగా.

హెడ్డింగ్ నీలంగా వచ్చిందని కంగారుపడకండి. స్టైల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ‘మాడిఫై’లో ఒక్కసారి మారిస్తే పుస్తకమంతటా మారుతుంది. అయితే తెలుగుకి ఇక్కడో మెలిక ఉంది. మన లిపిని వర్డ్ ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ లెక్కలో వేసుకుంటుంది. అందుకే మాడిఫైలోనే ‘ఫార్మాట్’, అందులో ‘ఫాంట్’ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని విడిగా ఉన్న గడిలో మండలి, రామభద్ర, మీకేది ఇష్టమైతే అది పెట్టాలి. ‘ఎంత మార్చినా గౌతమి ఫాంటే వస్తోంది’ అనేవాళ్లు చాలామంది ఈ గడి చూడనివాళ్లే.

అను ఫాంట్లలో కొట్టినవారిది వేరే కథ. ఆ అక్షరాలు యూనికోడ్ తెలుగు కావు, తెలుగులా కనిపించే ఇంగ్లీషు గుర్తులు. సూచికలో ఫాంటు మారిందంటే పిచ్చిరాతే కనిపిస్తుంది. సూచికలోని పేర్లకి వర్డ్ వాడే ‘టీఓసీ 1’ స్టైల్‌కి కూడా అదే ఫాంటు ఇస్తే సర్దుకుంటుంది.

హెడర్ల దగ్గరికొస్తే, జనాన్ని ఏడిపించేది ఒకే ఒక్క బటన్: ‘లింక్ టు ప్రీవియస్’. మన పుస్తకాల్లో ముందుమాటలకి కొరత లేదు కదా. వాటికి రోమన్ అంకెలు, అసలు కథలకి 1 నుంచి అంకెలు కావాలి. అందుకు మధ్యలో ‘సెక్షన్ బ్రేక్’ పెట్టాలి, అదీ ‘నెక్స్ట్ పేజ్’ రకం. మామూలు పేజీ బ్రేక్ చాలదు. బ్రేక్ పెట్టినా సెక్షన్లు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించే ఉంటాయి. రెండోదాని హెడర్ మారిస్తే మొదటిదీ మారిపోతుంది. ముందు ఆ లింకు తీసేయండి, తర్వాతే హెడర్ మీద చెయ్యి వేయండి. ఫుటర్‌కి ఇంకో లింకు ఉంది, అదీ తీయాలి. సరిసంఖ్య, బేసిసంఖ్య పేజీలకి వేర్వేరు హెడర్లు పెట్టుకుంటే వాటి లింకులూ వేర్వేరే. ఆపైన ‘ఫార్మాట్ పేజ్ నంబర్స్’లో ‘స్టార్ట్ ఎట్’ 1 చేస్తే సరి.

ఎడమ పేజీ మీద పుస్తకం పేరు, కుడి పేజీ మీద కథ పేరు ఉంటే ఎంత అందమో! దానికోసం కథకో హెడర్ కొట్టక్కర్లేదు. కుడి హెడర్‌లో ‘క్విక్ పార్ట్స్’, ‘ఫీల్డ్’, అందులో ‘స్టైల్‌రెఫ్’ ఎంచుకుని హెడ్డింగ్ 1 చూపించండి. ఏ పేజీలో ఏ కథ నడుస్తుంటే ఆ పేరే పైన వస్తుంది. వర్డ్‌లో ఇంతకన్నా మంచి సదుపాయం లేదంటాను నేను. ఎవరూ వాడరెందుకో!

లిబ్రెఆఫీస్ వాడేవారికి ఈ సెక్షన్ల గొడవ లేదు, అక్కడ పేజీ స్టైళ్లు ఉంటాయి.

ఒక్కమాట. సూచిక దానంతటదే పుడుతుంది గానీ దానంతటదే మారదు. ప్రెస్సుకి పీడీఎఫ్ పంపేముందు దానిమీద క్లిక్ చేసి ఎఫ్9 నొక్కండి (ల్యాప్‌టాప్ అయితే పక్కన ఎఫ్ఎన్ కూడా నొక్కాల్సి రావచ్చు). రెండు దారులు చూపిస్తుంది, ‘అప్‌డేట్ ఎంటైర్ టేబుల్’ ఎంచుకోండి. అంకెలు మాత్రమే మార్చమంటే, మీరు నిన్న రాత్రి మార్చిన కథ పేరు సూచికలో పాతదే అచ్చవుతుంది.