ఎనిమిదిలోనే రాయాలి!

చావు కబురు చల్లగా చెప్పినట్టు... సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఏ పల్లెకెళ్లినా స్కాలర్‌షిప్పుల కబురు గడువు దాటాకే ఇంటికొస్తుంది. ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ అందరికీ తెలుసు. ఎన్‌ఎంఎంఎస్ గురించి అడగండి, చాలామంది తెల్లమొహం వేస్తారు!

2008లో కేంద్రం మొదలుపెట్టిన పథకమిది. ప్రభుత్వ, జడ్పీ, ఎయిడెడ్ బళ్లలో ఎనిమిది చదివే పిల్లలు పరీక్ష రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. మధ్యలో మార్కులు తగ్గకూడదు లెండి. నాలుగేళ్లకు 48,000! ఎనిమిదిలో తప్పితే మళ్లీ అవకాశం లేదు.

మిర్యాలగూడలో ఓ రైస్‌మిల్లు దగ్గర హమాలీ అన్నకు ఇదే చెప్పాను. లెక్క విని కాసేపు మాట్లాడలేదు.

''బిడ్డ తొమ్మిదికొచ్చింది సారూ. నిరుడు మాకెవలు జెప్పిన్రు?'' అన్నాడు.

ఏం చెప్పను! చిన్నోడు ఏడులో ఉన్నాడట. అదొక్కటే ఊరట. వాడికి ఈ ఏడాది 55 శాతం మార్కులు రావాలని (ఎస్సీ, ఎస్టీలకైతే 50), ఆదాయ ధ్రువపత్రం మీసేవలో తీసుకోవాలని, ఆధార్‌లోనూ బడి రిజిస్టర్‌లోనూ పేరు ఒకేలా ఉండాలని చెప్పాను. జేబులోంచి కార్డు తీశాడు. ఇద్దరం చూశాం.

పిల్లాడి ఇంటిపేరు తప్పు పడింది.